యోరున్ మేజోళ్ళు

స్కార్విక్ ఆడవాళ్ళకి సింహం కావాలి. స్కార్విక్ అనేముంది, ఈ తీరం పొడుగునా ఊరికో స్త్రీల సమాజం ఉంది, ఏ సమాజాన్ని కదిపినా సింహమే కావాలి. ఇరవై తొమ్మిదేళ్ళు మడగాస్కర్‌లో సువార్త పని చేసి, ఏడాది కిందట నార్వేకి తిరిగొచ్చిన సిస్టర్ తొరాకి ఈ గోల తప్పలేదు. మిషను ఆఫీసువాళ్ళు ఆవిడ చేతికి ఒక చీటీ ఇచ్చారు. ఈ వారం ఈ ఫియర్డు సముద్రపాయ, వచ్చే వారం ఆ దీవి. ప్రతిచోటా కాఫీ, వెన్న రాసిన లెఫ్సె రొట్టె, ఆ తరవాత సింహం. అక్కడ సింహాలుండవమ్మా అంటే అందరూ ముఖాలు మాడ్చుకునేవారు. తమకి రావలసిన సింహాన్ని ఈవిడే దారిలో ఎక్కడో దింపేసి వచ్చినట్టు చూసేవారు.

"పోనీ పులి?" అంది మలేనా, పడవ దిగిన తొరా చేతిలోంచి సంచీ అందుకుంటూ. మలేనా ఊళ్ళో కొట్టు యజమాని పెళ్ళాం, సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ నోటికి ఊరంతా హడల్.

"పులీ లేదండీ. మొసళ్ళున్నాయి."

"చాలు, మొసలి చాలు! కాస్త పెద్దది చేసి చెప్పండి సిస్టరమ్మగారూ. ఆదివారం కూడికకి మూడు ఊళ్ళవాళ్ళు వస్తున్నారు. మీ బస సిన్నెవా ఇంట్లో. ఇంకెవరింట్లో దిగినా ఆవిడ ఊరుకోదు. ఇరవై ఏడేళ్ళుగా మీకోసం కాచుకుని కూచుంది పాపం."

ఆ చీటీలో స్కార్విక్ పేరు కనపడినప్పటినుంచీ తొరాకి అన్నం సయించడం లేదు.

ఎందుకో చెప్తాను. మన సమాజాల్లో ఒక ఆచారం ఉంది. ఒక ఊరి సమాజం మిషను బడిలో ఒక పిల్లని పోషిస్తే, బాప్తిస్మంలో ఆ పిల్లకి పేరు పెట్టే హక్కు ఆ ఊరిది. ఎంత గొప్ప హక్కండీ! ఒక ఊరివాళ్ళు పాస్టరుగారి అత్తగారి పేరు పెట్టించారు. ఒక దీవివాళ్ళు ఎటూ తేల్చుకోలేక చేపల పడవ పేరు పెట్టి ఊరుకున్నారు. ఆ నల్లపిల్ల చచ్చేదాకా పడవ పేరుతోనే బతికింది. స్కార్విక్‌వాళ్ళు మాత్రం ఏడుస్తూ పెట్టారు. ఆ ఏడాదే సిన్నెవా కూతురు యోరున్, ఆరేళ్ళది, పడవల పాక మెట్టు మీంచి ఫియర్డులో పడిపోయింది. నాలుగు రోజులు వలలు వేసినా శవం దొరకలేదు. సమాజం వాళ్ళంతా కలిసి, మన పిల్లకి ఆ పేరే పెడదాం అన్నారు. సిన్నెవా తల ఊపింది.

అప్పటినుంచి సిన్నెవా ఏటా ఒక జత ఉన్ని మేజోళ్ళు అల్లి పంపేది. అక్కడ చెప్పులు కూడా వేసుకోరు, మేజోళ్ళేమిటని నవ్వకండి. తొరా ఉన్న కొండసీమలో జూలై అంటే చలికాలం, వేళ్ళు కొంకర్లు పోతాయి. సిన్నెవా అడిగింది ఒక్కటే. ఏటా పిల్ల పాదం మడమ నుంచి బొటనవేలి కొస దాకా ఒక దారంతో కొలిచి, ఆ దారం ఉత్తరంలో పెట్టి పంపాలి. దాన్నిబట్టి ఈవిడ మేజోడు అల్లుతుంది.

సిన్నెవా ఇంటికి వెళ్ళి, గుమ్మంలో బూట్లు విప్పి లోపల అడుగు పెట్టిన తొరా అక్కడే నిలబడిపోయింది. పొయ్యి పక్క గోడ మీద ఒక చెక్కపలక. దాని మీద గుండుసూదులతో గుచ్చిన దారాలు, ఇరవై ఏడు. ఎడమవైపువి పొట్టివి, కుడివైపుకి వచ్చేకొద్దీ పొడుగు. ఒక్కొక్కదాని కింద సంవత్సరం రాసిన చిన్న చీటీ.

"చూశావా ఎలా ఎదిగిందో!" అంది సిన్నెవా వెనకనుంచి. ఆవిడకి డెబ్భై దగ్గర పడుతున్నాయి, మొగుడు పోయాడు, మనిషి మాత్రం కొరడాలా ఉంది. "నా బంగారుతల్లి. నా కన్నదాన్ని ఆరేళ్ళే చూశాను. దీన్ని ముప్పై మూడేళ్ళదాన్ని చేశాను. కూచో తొరా, అలా గుడ్లప్పగించి చూస్తావేం? కాఫీ తాగు."

తొరాది పక్క లోయే. సిన్నెవా ఆవిడని సిస్టరమ్మా అని పిలవలేదు, పేరు పెట్టే పిలిచింది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ మర్నాడు శుక్రవారం. సిన్నెవా పెట్టె తెరిచి, బట్టకి గుచ్చుకునే వెండి బ్రోచి తీసింది. వాళ్ళ అమ్మమ్మ పెళ్ళినాటిది, చుట్టూ చిన్న చిన్న గిన్నెలు వేలాడుతూ, కదిపితే గలగలమంటుంది. ఆ ఇంట్లో తల్లినుంచి కూతురికి వచ్చే వస్తువు అది. కూతురు లేని ఇంట్లో ముప్పై ఏళ్ళుగా పెట్టె అడుగున పడి ఉంది.

"ఆదివారం అందరి ముందూ నీ చేతిలో పెడతాను. శరత్కాలంలో వెళ్ళే కొత్త సిస్టర్ చేత పంపు. దాని మెడ దగ్గర గుచ్చి, నీ అమ్మ ఇచ్చిందని చెప్పమను" అంది సిన్నెవా. సుద్దపొడితో బ్రోచి తోముతూ చిన్నపిల్లలా నవ్వింది.

తొరా శాలువా కప్పుకుని తిన్నగా మలేనా కొట్టు వెనక వంటింటికి వెళ్ళింది. తలుపు వేసి, జరిగిందంతా చెప్పేసింది. యోరున్ ఒకతె కాదు, ముగ్గురు. మొదటి పిల్ల ఆ పేరు పెట్టిన నాలుగేళ్ళకే జ్వరంతో పోయింది. స్కార్విక్‌వాళ్ళ మనసు విరిగిపోతుంది, పేరు ఖాళీగా ఉంచకు, ఇంకో పిల్లకి పెట్టేయమన్నాడు పెద్దపాదిరి. పెట్టేసింది. ఆ రెండోది పదిహేనేళ్ళప్పుడు మిషను వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ మూడోదానికి పెట్టింది.

మలేనా పిండి కలుపుతున్న చేతులు ఆపలేదు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"అయితే చెప్పకండి. అసలు మీకేం పోయేకాలం సిస్టరమ్మగారూ? ఆ ముసలావిడ ఆ దారాలు చూసుకుని బతుకుతోంది. మూడోపిల్ల ఉందిగా, బతికే ఉందిగా? బ్రోచి దానికిచ్చేయండి. పేరు అదే, మనిషి ఎవరైతేనేం!"

"అది అబద్ధం కదండీ."

"ఇన్నేళ్ళూ ఆడారుగా. ఇంకొక్క ఆదివారం ఆడలేరూ?"

తొరా శాలువా సర్దుకుని బయటికి నడిచింది. మలేనా అన్నదాంట్లో తప్పేముంది? అన్నది నిజమే. కానీ దారం పంపడం వేరు, తల్లి చేతిలోంచి కూతురి సొమ్ము అందుకోవడం వేరు. బ్రోచి తీసుకుంటే తను దొంగ. నిజం చెప్తే సిన్నెవాకి కూతురు మళ్ళీ పోతుంది, ఈసారి తన చేతుల్లో. దారి పొడుగునా ఆవిడ ప్రార్థన చేసుకుంటూనే వచ్చింది. దేవుడు ఏమీ చెప్పలేదు. ఇలాంటి వాటిలో ఆయన ఎప్పుడూ అంతే.

శనివారం మధ్యాహ్నం. పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి, పళ్ళెంలో ఉప్పుచేప ఉంది. తోమి మిలమిలలాడించిన బ్రోచి బల్ల మధ్యన పెట్టి ఉంది.

"అక్కా, అది నేను తీసుకోలేను" అంది తొరా.

"ఏం, బరువా?"

"యోరున్ లేదక్కా."

"లేదని నాకు తెలియదటే? పోయి ముప్పై ఏళ్ళవుతోంది. నేననేది నీ దగ్గరున్నదాన్ని."

"అదే చెప్తున్నాను. అది కూడా లేదు. పదేళ్ళు నిండకుండానే పోయింది."

గిన్నెలో నీళ్ళు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సిన్నెవా లేచి, గిన్నె పక్కకి జరిపి, చేతులు తుడుచుకుంది. తరవాత గోడ మీది పలక దింపి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మరివి?"

తొరా వేలితో చూపించింది. "ఈ నాలుగూ దానివే. మొదటిదానివి. నేనే కూచోబెట్టి కొలిచాను. చక్కిలిగింత పెడుతున్నానని నవ్వేది."

"ఇవి?"

"ఆ ఎనిమిదీ రఫారా అనే రెండో పిల్లకి ఆ పేరు పెట్టాక పంపినవి. కానీ దాని పాదం చిన్నది. పంపితే పాదం తగ్గిందేమిటని మీరు అడుగుతారు. అందుకని పెద్ద క్లాసు పిల్లల్లో ఎవరిది సరిపోతుందనిపిస్తే వాళ్ళది కొలిచాను."

సిన్నెవా పలక మీద చెయ్యి ఇంకా కుడికి జరిపింది. "ఈ పదిహేనూ?"

"అవి... మూడో అమ్మాయి రవావ్. టీచరమ్మ. ఎప్పుడూ వట్టికాళ్ళతోనే తిరుగుతుంది, నాకొద్దంది."

"దాని పాదమేనా?"

"కాదక్కా. నా పాదం."

సిన్నెవా బల్ల కిందికి చూసింది. తొరా రెండు కాళ్ళూ బెంచీ కిందికి లాక్కుంది. వేసుకున్నవి కొట్లో కొన్న నల్లమేజోళ్ళే. కానీ పై గదిలో ఉన్న సంచీలో సిన్నెవా అల్లినవి రెండు జతలున్నాయి, మడమ దగ్గర మాసికలు వేసి మరీ వాడినవి.

"సరిపోయాయా?" అంది సిన్నెవా.

"సరిపోయాయి" అంది తొరా. సిగ్గుతో చచ్చిపోయింది.

తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. బ్రోచి తీసి ముఖాన కొట్టినా బాగుండేది. సిన్నెవా అవేమీ చేయలేదు. గుండుసూదులు ఒక్కొక్కటీ పీకి, దారాలు తీసి, మూడు కట్టలు కట్టింది. ఆవిడ ఏ ఉన్ని చుట్టినా దానికో చీటీ కట్టి రంగూ సంవత్సరమూ రాసిపెడుతుంది, అది ఆవిడ పద్ధతి. అలాగే మూడు చీటీలు కత్తిరించి, పెన్సిల్ తడిచేసి పట్టుకుంది.

"మూడోది రవావ్ అన్నావు కదూ" అని రాసింది. "ఈ పొడుగువాటి మీద నీ పేరు కూడా రాస్తున్నాను. రెండోది రఫారా. అది ఎందుకు వెళ్ళిపోయింది?"

"మొండిది. మొదటినుంచీ యోరున్ అని పిలిస్తే పలికేది కాదు. వెళ్ళిపోయే రోజు గేటు దగ్గర నిలబడి, నా పేరు రఫారా, నా పేరు రఫారా అని బడంతా వినేలా అరిచింది."

"మంచి పని చేసింది" అంది సిన్నెవా. మొదటి నాలుగు దారాల కట్ట దగ్గరికి లాక్కుంది. "ఇక ఇది. దీన్ని వాళ్ళమ్మ ఏమని పిలిచేది?"

తొరా నోరు తెరిచింది. ఆ పేరు రాలేదు.

పిల్ల కళ్ళముందు కనపడుతోంది. ముందుపళ్ళ మధ్య సందు, గజ్జి తగ్గిన మచ్చ, నేర్చుకున్న కీర్తనల వరస, అన్నీ గుర్తున్నాయి. చెప్పినమాట వినే పిల్ల. యోరున్ అంటే చాలు, పరిగెత్తుకుని వచ్చేది. బాప్తిస్మం రోజునుంచి పాతపేరు ఎవరూ అనకూడదన్నది తొరా పెట్టిన కట్టడే. ఆ పేరు నీళ్ళలో కడిగేశాం అని గొప్పగా చెప్పేది కూడా.

"గుర్తులేదా?" అంది సిన్నెవా.

"ఇప్పుడే... కాస్త ఆగండక్కా, వస్తుంది."

"వాళ్ళమ్మ వచ్చేది కాదా చూడడానికి?"

"వచ్చేది. వారం వారం, ఆకులో ఉడికిన కర్రపెండలం కట్టుకుని. మొదట్లో కంచె దగ్గర నిలబడి ఆ పాతపేరుతోనే పిలిచేది. ఆ పేరుతో పిలిస్తే పిల్లని పంపనని చెప్పాను. కొత్తపేరు ఆవిడ పలకలేదు. ఆ తరవాత అసలు పిలవడమే మానేసింది. వచ్చి దగ్గేది. ఆ దగ్గు వినపడితే పిల్ల పరిగెత్తేది."

సిన్నెవా చేతిలో పెన్సిల్ అలాగే ఉంది.

"పిల్ల పోయినప్పుడు?"

"మేనమామల్ని వెంటబెట్టుకుని వచ్చింది. చాప తెచ్చుకున్నారు. తాతముత్తాతల సమాధిలో పెట్టుకుంటాం, ఇమ్మన్నారు. బాప్తిస్మం పొందిన పిల్ల కదా, మన శ్మశానంలోనే ఉండాలని నేను ఇవ్వలేదు. సిలువ మీద యోరున్ అని రాయించాను. ఆ రోజు ఆవిడ దగ్గలేదక్కా. పిలిచింది. పేరు పెట్టి, గొంతు చిరిగిపోయేలా పిలిచింది, పొద్దు వాలేదాకా."

"పిలిచింది కదా. విన్నావు కదా. ఏమని?"

"నేను కిటికీ మూసేశాను" అంది తొరా. "మీకు ఉత్తరం రాస్తున్నాను, పిల్ల కులాసా అని."

దుంపలు చల్లారిపోయాయి.

"నన్ను క్షమించండక్కా."

"నేనెవర్ని క్షమించడానికి?" సిన్నెవా గొంతు అప్పుడు లేచింది. "నాకేం చేశావు నువ్వు? నన్ను మోసం చేశావు. సరే, ముసల్దాన్ని, ఏడ్చి ఊరుకుంటాను. నా బిడ్డని సముద్రం తిరిగివ్వలేదు, దానికి మనసా పాడా, నీళ్ళు. నీకేమొచ్చిందే? చాప తెచ్చుకుని నిలబడితే ఇవ్వలేకపోయావా? నాకు పేరైనా మిగిలింది. రోజూ ఈ పొయ్యి దగ్గర నిలబడి, నా నోటితో నేను పైకి అనుకుంటాను. ఆ తల్లికి అది కూడా లేకుండా చేశావు. చేసింది దేంతో? నా బిడ్డ పేరుతో! నేనే ఇచ్చాను ఆ పేరు. తల ఊపి మరీ ఇచ్చాను. దరిద్రపుదాన్ని!"

బ్రోచి తీసి పెట్టెలో వేసి మూత పెట్టింది. రాయని చీటీ తొరా చేతిలో పెట్టింది.

"ఆ పేరు కనుక్కో. దీని మీద రాసుకుని రా. అప్పటిదాకా నా గడప తొక్కకు."

ఆదివారం కూడికకి సిన్నెవా రాలేదు. తలనొప్పిట అని మలేనా అందరికీ చెప్పింది, తొరా వైపు ఉరిమి చూస్తూనే. తొరా నిలబడి మొసలి గురించి చెప్పింది. మొసలి ఎంత పెద్దదయిందో ఆవిడకే తెలియలేదు. ఆడవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకుని ఆనందించారు. చివర మలేనా లేచి, ఈ సంతోషంలో మన సమాజం ఇంకో పిల్లని తీసుకుంటుందని చెప్పింది. ఏం పేరు పెడదాం అని అడిగేసరికి సందడి మొదలైంది. మా అమ్మ పేరంటే మా అమ్మ పేరని ఇద్దరు వదినామరదళ్ళు అక్కడే వాదులాడుకున్నారు.

"ఆ పిల్లకి పేరు ఉండే ఉంటుంది. ముందు అదేమిటో అడగండి" అంది తొరా.

వాదులాడుతున్న ఇద్దరూ తిరిగి చూశారు. ఒక్క క్షణమే.

"సిస్టరమ్మగారు బాగా అలిసిపోయారు" అంది మలేనా. "కాఫీ పొయ్యండమ్మా."

తొరా ఆ వారమే మడగాస్కర్‌కి ఉత్తరం రాసింది, ఇప్పుడక్కడ ఉన్న సిస్టర్‌కి. పాత రిజిస్టరు చూడమంది. లేకపోతే ఊళ్ళోకి వెళ్ళి ముసలివాళ్ళని అడగమంది. ఆ ఒక్క పేరు కావాలి, ఎంత కష్టమైనా సరే, అని కింద రెండు గీతలు గీసింది. చలికాలం అంతా పోస్టుపడవ వచ్చినప్పుడల్లా రేవుకి నడిచింది. పడుకునేముందు ఆ దేశపు ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటీ పైకి అనుకునేది, ఏదో ఒకటి తగిలి వెలుగుతుందేమోనని. నూటికి పైగా పేర్లు వచ్చాయి. వాటిలో ఏదైనా కావచ్చు, అదే ఆవిడ ఏడుపు.

మార్చిలో జవాబు వచ్చింది. ఆ సిస్టర్ పొందికగా రాసింది. రిజిస్టరులో ఉన్నది ఇంతే: యోరున్, చనిపోయింది. యోరున్, వెళ్ళిపోయింది. యోరున్, టీచరు. మొదటి పిల్ల తల్లి పోయి పద్దెనిమిదేళ్ళయిందట, మేనమామలూ లేరు. ఊరంతా తిరిగితే చివరికి ఒకామె దొరికింది, చిన్నప్పుడు ఆ పిల్లతో ఆడుకున్నది. ఆమెకి బాగా గుర్తుందట. పళ్ళ మధ్య సందు కూడా చెప్పిందట. పేరేమిటని అడిగితే నవ్వి, "ఆ పిల్లా? యోరున్ కదా" అందట.

తొరా ఆ ఉత్తరం, రాయని చీటీ పట్టుకుని స్కార్విక్ పడవ ఎక్కింది. కొండ ఎక్కి సిన్నెవా ఇంటి ముందు కర్రగేటు దగ్గరికి వచ్చింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది. లోపల సిన్నెవా కూచుని అల్లుకుంటోంది, సూదుల చప్పుడు గేటు దాకా వినపడుతోంది. పిలుద్దామని నోరు తెరిచింది. చేతిలో పేరు లేదు, గడప తొక్కే హక్కు లేదు, ఏమని పిలుస్తుంది?

కంచె అవతలే నిలబడి దగ్గింది.

సూదుల చప్పుడు ఆగింది. సిన్నెవా లేచి కిటికీ దగ్గరికి వచ్చి, తొరానీ తొరా చేతిలో చీటీనీ చూసింది. తరవాత కిటికీ మూసేసింది.